పాల్ చాంబర్స్ వెంట వెళితే: 1955–65 నాటి జాజ్ ఆల్బమ్‌లు వినడానికి ఒక దారి

నల్లరికార్డు:
అందరికీ నమస్కారం. "జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఇక్కడ పెరిగారు. జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" వినండి, ఆ తర్వాత జాన్ కోల్‌ట్రేన్ వినండి. మంచి మాటే. కానీ అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్న పేర్లు మాత్రమే పట్టుకుని వెళితే ఒక ఆల్బమ్‌కీ ఇంకోదానికీ ఉన్న చుట్టరికం తెలియదు. కచేరీకి వెళ్ళేముందు మనం "పక్కన ఎవరు?" అని అడుగుతాం కదా. జాజ్‌కి కూడా ఆ ప్రశ్నే వేయమంటాను. అట్ట వెనక చిన్నక్షరాల్లో ఒక పేరు వెతకండి: పాల్ చాంబర్స్, బేస్. బేస్ అంటే నిలబెట్టి వాయించే, కింది స్థాయిలో పలికే పెద్ద తంత్రీవాద్యం.

1935 ఏప్రిల్ 22న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. డెట్రాయిట్‌లో పెరిగాడు. 1955లో, ఇరవై ఏళ్ళకే, మైల్స్ బృందంలో చేరాడు. 1969 జనవరి 4న న్యూయార్క్‌లో క్షయతో పోయాడు. అప్పటికి 33 ఏళ్ళు. ఇంత చిన్న జీవితంలో అతను నిలబడి వాయించిన గదులు చూడండి. 1956లో సోనీ రోలిన్స్ "టెనర్ మ్యాడ్‌నెస్": రోలిన్స్, కోల్‌ట్రేన్ కలిసి వాయించిన రికార్డింగ్ అదొక్కటే, దాని కింద బేస్ ఇతనిదే. 1957 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఆర్ట్ పెప్పర్‌తో. అదే ఏడాది సెప్టెంబర్ 15న కోల్‌ట్రేన్ "బ్లూ ట్రేన్". 1958 జనవరి 5న సోనీ క్లార్క్ "కూల్ స్ట్రటిన్". 1959లో "కైండ్ ఆఫ్ బ్లూ", "జైంట్ స్టెప్స్" రెండూ. 1960 ఫిబ్రవరిలో హ్యాంక్ మోబ్లీ "సోల్ స్టేషన్". 1961లో ఆలివర్ నెల్సన్ "ద బ్లూస్ అండ్ ద అబ్‌స్ట్రాక్ట్ ట్రూత్". మనం ఆ కాలపు గొప్ప ఆల్బమ్‌లని చెప్పుకునేవాటిలో ఎన్నిటి అడుగున ఈ ఒక్క మనిషి వేళ్ళు ఉన్నాయో!

"కైండ్ ఆఫ్ బ్లూ" రెండో సెషన్ జరిగింది 1959 ఏప్రిల్ 22న. ఆ రోజుకి అతనికి 24 నిండాయి.

నా మాట ఒకటే. నాయకుడి కోసం కాకుండా ఈ బేస్ కోసం వినండి. ట్రంపెట్టూ శాక్సఫోనూ ఎందుకు అంత ధీమాగా, అంత తీరిగ్గా మాట్లాడగలుగుతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

కొత్తశ్రోత:
నమస్తే అండీ. నేను పూర్తిగా కొత్త. నిజం చెప్పాలంటే నాకు బేస్ వినపడటమే లేదు. ఫోన్‌లో పెట్టుకుని విన్నాను. ట్రంపెట్ వినపడింది, పియానో వినపడింది. మీరు చెప్పే మనిషి ఎక్కడున్నాడు?

నల్లరికార్డు:
ఫోన్ స్పీకర్‌లో ఆ కింది స్థాయి స్వరాలు సరిగా పలకవండీ. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, అవి పెట్టుకుని "కైండ్ ఆఫ్ బ్లూ"లో మొదటి పాట "సో వాట్" వినండి. ముందు పియానో, బేస్ కలిసి తాళం లేకుండా నెమ్మదిగా ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటాయి. ఆ తర్వాత వచ్చే అసలు ట్యూన్ వాయించేది ట్రంపెట్ కాదు, బేస్! అతను ఒక వాక్యం అంటాడు, మిగతావాళ్ళు రెండే రెండు స్వరాల్లో జవాబిస్తారు. మళ్ళీ అంటాడు, మళ్ళీ జవాబు. అది అయ్యాక మైల్స్ ట్రంపెట్ ఎత్తుకునే చోట జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అక్కడి నుంచి చాంబర్స్ ప్రతి మాత్రకీ ఒక స్వరం చొప్పున నడవడం మొదలుపెడతాడు. అది పట్టుకోండి. ట్రంపెట్ ఏం చేసినా అటు పోకండి. రెండోసారి వినేటప్పుడు అటు వెళ్ళచ్చు.

వీణ_సాధన:
మంచి చర్చ మొదలుపెట్టారు. "సో వాట్" గురించి కర్ణాటక సంగీతం విన్న చెవికి ఉపయోగపడే మాట ఒకటి చెబుతాను. వాళ్ళు డి డోరియన్ అనే స్వరాల వరుస మన ఖరహరప్రియ మేళం స్వరాలే. డి మీద షడ్జమం పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. అందుకే మొదటిసారి వింటున్నా మనకి పరాయిగా అనిపించదు. పదహారు బార్లు (ఇక్కడ ఒక్కో బార్‌కి నాలుగు మాత్రలు) ఆ వరుస మీదే ఉంటారు. తర్వాత ఎనిమిది బార్లు మొత్తం వరుసని అర మెట్టు పైకి ఎత్తుతారు. మళ్ళీ ఎనిమిది బార్లు మొదటి చోటికి దిగుతారు. మొత్తం 32. అదే ఆవర్తనం తిరుగుతూ ఉంటుంది.

అయితే "ఇది ఖరహరప్రియ రాగం" అని మాత్రం అనకండి. ఇంటర్నెట్‌లో ఆ మాట చాలాసార్లు చూస్తున్నాను. స్వరాలు ఒకటే అయితే రాగం ఒకటైపోదు. "చక్కని రాజమార్గము"లో గాంధారం, నిషాదం ఊగే తీరు ఇక్కడ లేదు, ఉండనక్కర్లేదు కూడా. పైగా షడ్జమాన్నే అర మెట్టు పైకి జరపడం తంబురా మోగుతుండగా ఊహించలేం. వాళ్ళ అందం ఆ జరగడంలోనే ఉంది. పదహారు బార్లు ఒకేచోట నిలబెట్టి, చెవి అక్కడ కుదురుకున్నాక నేలంతా ఒక్కసారి పైకి లేపుతారు. ఆ లేపే పని చేసేది బేసే. నల్లరికార్డు గారు చెప్పింది అక్కడ నాకు బాగా అర్థమైంది.

ఇంకో విషయం. పాత ఎల్‌పీలో మొదటి వైపు మూడు పాటలూ కొంచెం హెచ్చు శ్రుతిలో వినిపిస్తాయి. రికార్డు చేసిన రోజు టేపు యంత్రం నెమ్మదిగా తిరిగింది, మామూలు వేగంలో మళ్ళీ మోగిస్తే శ్రుతి పెరిగింది. 1990ల్లో వచ్చిన ప్రతుల నుంచి సరిచేశారు. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని సాధన చేసేవాళ్ళు పాత రికార్డుతో కలిపి వాయించాలని చూస్తే ఇబ్బంది పడతారు.

చాపుతాళం:
అక్కా, శ్రుతి మాట వచ్చింది కాబట్టి "జైంట్ స్టెప్స్" ఆల్బమ్‌లో "నయీమా" గురించి చెప్పాలి. కోల్‌ట్రేన్ తన భార్య పేరు పెట్టిన పాట. అందులో చాంబర్స్ దాదాపు ఎటూ కదలడు. ఒకే స్వరం మీద నిలబడి ఉంటాడు, మధ్య భాగంలో మాత్రం ఇంకో స్వరానికి మారతాడు. పైన పియానో కార్డ్స్ (ఒకేసారి కలిపి పలికించే స్వరాలు) మారుతుంటాయి, ఆ మారే ప్రతి రంగూ కింద మారని ఆ స్వరం వల్లే తెలుస్తుంది. తంబురాకి అలవాటుపడిన మన చెవికి జాజ్‌లో ఇంతకంటే దగ్గర దారి లేదని నా అభిప్రాయం. కొత్తవాళ్ళని "సో వాట్" కంటే ముందు "నయీమా" వినమంటాను.

ఒక చిన్న వివరం. ఆ ఆల్బమ్‌లో మిగతా పాటలు 1959 మేలో టామీ ఫ్లానగన్ పియానోతో చేశారు. "నయీమా" ఒక్కటే డిసెంబర్ 2న వింటన్ కెల్లీ పియానో, జిమ్మీ కాబ్ డ్రమ్స్‌తో చేసింది. అంటే అది కోల్‌ట్రేన్ ముందు నిలబడిన మైల్స్ బృందమే!

ఓరుగల్లు_రాత్రి:
అన్నా, మంచి ముచ్చట పెట్టినవ్. కానీ నేను ఒప్పుకోను. బేస్ గురించి మాట్లాడుకుంట చార్లెస్ మింగస్ పేరు ఇంతవరకు ఎవ్వరూ ఎత్తకపోవుడేంది? చాంబర్స్ పక్కన నిలబడి వాయించిండు. మింగస్ బేస్ పట్టుకొని మొత్తం బృందాన్నే నడిపిచ్చిండు. ఆయన పుట్టింది గూడ ఏప్రిల్ 22నే, 1922ల.

"మింగస్ ఆ అమ్" వినుండ్రి. 1959 మేల చేసిండ్రు, "కైండ్ ఆఫ్ బ్లూ" చేసిన జాగలనే. న్యూయార్క్ 30వ వీధిల కొలంబియా స్టూడియో, ఒకప్పుడు చర్చి అది. అదే ఎండకాలం డేవ్ బ్రూబెక్ "టైమ్ అవుట్" గూడ అదే గదిల అయింది. ఒక్క ఏడాదిల, ఒక్క కప్పు కింద ఈ మూడు! ఆ గోడలు ఏం విన్నయో అనిపిస్తది నాకు.

మింగస్ దాంట్ల "ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్" ఉంటది. ఆర్కన్సా గవర్నర్ ఆర్వల్ ఫాబస్ మీద కట్టిన పాట. 1957ల లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్‌కి వచ్చిన తొమ్మిదిమంది నల్లపిల్లల్ని లోపలికి రానియ్యకుండ నేషనల్ గార్డుని నిలబెట్టిన మనిషి ఆయన. కొలంబియా రికార్డుల మాటలు లేవు, ఉత్త వాద్యాలే. 1960ల కాండిడ్ అనే చిన్న కంపెనీకి మాటలతోని మళ్ళ చేసిండు, సూటిగ తిట్టిండు. రెండూ వెనకముందు పెట్టి వినుండ్రి. నాకైతే మాటలు లేనిదే ఎక్కువ గుచ్చుకుంటది. ఆ వంకర నడకలనే వెక్కిరింత అంత ఉన్నది.

"కైండ్ ఆఫ్ బ్లూ" గురించి అందరు "ఎంత ప్రశాంతంగ ఉంటది" అంటరు. ఆ రికార్డు 1959 ఆగస్టు 17న వచ్చింది. 25న బర్డ్‌లాండ్ క్లబ్ బయట గాలి కోసం నిలబడ్డ మైల్స్‌ని పోలీసులు తల పగిలేటట్టు కొట్టిండ్రు. పోస్టర్ మీద ఆయన పేరు ఉన్న క్లబ్ ముంగట! ఆ ప్రశాంతత ఏ ఊర్ల, ఏ రోజులల్ల పుట్టిందో తెల్వకుండ వింటే సగమే విన్నట్టు.

నల్లరికార్డు:
తమ్ముడూ, మింగస్ విషయంలో నీతో పోట్లాట లేదు. "ఆ అమ్"లో "గుడ్‌బై పోర్క్ పై హ్యాట్" విన్న ప్రతిసారీ కాసేపు ఇంకేదీ వినబుద్ధి కాదు. శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ ఆ ఏడాది మార్చి 15న పోయాడు, రెండు నెలలు తిరక్కుండానే అతని కోసం చేసిన పాట అది.

కానీ నేను చాంబర్స్‌ని ఎంచుకున్నది గొప్ప నాయకుడని కాదు, నాయకుడు కానందుకే. మింగస్‌ని పట్టుకుంటే మింగస్ ప్రపంచంలోకి వెళతాం, అది దానికదే సంపూర్ణం. చాంబర్స్‌ని పట్టుకుంటే పదిమంది ఇళ్ళలోకి వెళతాం. ఒకరోజు మైల్స్, ఇంకోరోజు మోబ్లీ. ఎవరి స్వభావానికి తగ్గట్టు వాళ్ళకి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇలా పక్కన వాయించినవాళ్ళకి దక్కింది సాధారణంగా ఆ రోజు సెషన్ డబ్బు మాత్రమే. అరవై ఏళ్ళుగా అమ్ముడవుతున్న రికార్డుల్లో వాళ్ళకి వాటా లేదు. "కైండ్ ఆఫ్ బ్లూ"లో "బ్లూ ఇన్ గ్రీన్" తనదేనని అందులో పియానో వాయించిన బిల్ ఎవాన్స్ చివరిదాకా చెబుతూ వచ్చాడు. రికార్డు మీద స్వరకర్తగా పడింది మైల్స్ పేరు. అందుకే చిన్నక్షరాల పేర్లు చదవమని ఇంతగా అడుగుతున్నాను.

హడ్సన్_తెలుగు:
న్యూజెర్సీ నుంచి. "బ్లూ ట్రేన్", "కూల్ స్ట్రటిన్" రెండూ మా రాష్ట్రంలోనే పుట్టాయి. హ్యాకెన్‌సాక్ అనే ఊళ్ళో రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డు చేసేవాడు. ఆ ఇల్లు కట్టేటప్పుడే పక్కన అద్దం పెట్టిన కంట్రోల్ రూమ్ కట్టించారు. పగలు కళ్ళజోళ్ళ డాక్టరుగా పని, ఖాళీ దొరికితే రికార్డింగ్. మైల్స్ 1956లో ప్రెస్టీజ్ కంపెనీతో ఒప్పందం తీర్చుకోడానికి మే 11న, అక్టోబర్ 26న రెండు రోజుల్లో వాయించి పడేసిన పాటలు నాలుగు ఎల్‌పీలు అయ్యాయి. అవీ ఆ గదివే. "రిలాక్సిన్"లో పాటల మధ్య మైల్స్ బొంగురు గొంతు కూడా వినపడుతుంది. తెలోనియస్ మంక్ అయితే ఏకంగా "హ్యాకెన్‌సాక్" అని ఒక ట్యూన్‌కి పేరే పెట్టాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, కూల్చేశారు.

1959లో వాన్ గెల్డర్ ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన చెక్క కప్పుతో కొత్త స్టూడియో కట్టుకున్నాడు. "సోల్ స్టేషన్" అక్కడిది. 1964 డిసెంబర్ 9న కోల్‌ట్రేన్ "ఎ లవ్ సుప్రీమ్" కూడా అక్కడే. పాత ఇంట్లోవీ కొత్త స్టూడియోవీ పక్కపక్కన పెట్టి వినండి. పాతవాటిలో బేస్ మన మోకాళ్ళ దగ్గర ఉన్నట్టుంటుంది, కొత్తవాటిలో దాని చుట్టూ గాలి ఉంటుంది.

"బ్లూ ట్రేన్" వేసిన బ్లూ నోట్ కంపెనీ గురించి కూడా ఒక మాట. 1939లో దాన్ని పెట్టిన ఆల్‌ఫ్రెడ్ లయన్, తోడుగా వచ్చి ఫోటోలు తీసిన ఫ్రాన్సిస్ వోల్ఫ్, ఇద్దరూ జర్మనీ వదిలి వచ్చినవాళ్ళు. లయన్ రిహార్సల్‌కి కూడా డబ్బిచ్చేవాడు. అప్పట్లో చిన్న కంపెనీల్లో అది అరుదు. "బ్లూ ట్రేన్" ఇంత బిగువుగా ఉండటానికి అదొక కారణం. ముగ్గురు ఊదేవాళ్ళు ఒక్క గొంతుతో వస్తారు. అందులో ట్రంపెట్ లీ మోర్గన్‌కి అప్పటికి 19 ఏళ్ళే!

ఓరుగల్లు_రాత్రి:
వాన్ గెల్డర్ రికార్డింగ్ మింగస్‌కి నచ్చకపోయేది. మనుషుల సొంత నాదాన్ని మారుస్తడు అని ఆయన బాధ. నాకు గూడ ఆ రికార్డులల్ల పియానో జరంత మూసుకపోయినట్టే వినిపిస్తది.

హడ్సన్_తెలుగు:
పియానో విషయం ఒప్పుకుంటాను. డ్రమ్స్, ఊదే వాద్యాల విషయంలో ఒప్పుకోను. ఆర్ట్ బ్లేకీ సింబల్స్ "సోల్ స్టేషన్"లో ఎంత స్పష్టంగా ఉంటాయో వినండి.

కొత్తశ్రోత:
ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని "నయీమా", "సో వాట్", తర్వాత "సోల్ స్టేషన్" మొత్తం విన్నాను. ఇప్పుడు బేస్ వినపడుతోంది! "సోల్ స్టేషన్" నాకు చాలా నచ్చింది. శాక్సఫోన్ ఆయన దేనికీ తొందరపడడు. ఆ ఊపులో "జైంట్ స్టెప్స్" మొదటి పాట పెట్టాను. అది మాత్రం ఏమీ అర్థం కాలేదు. అంత వేగంగా ఎటు పరుగెడుతున్నారో చెప్పగలరా?

వీణ_సాధన:
నాకు అర్థమైనంతవరకు చెబుతాను. "సో వాట్"లో ఒకే చోట పదహారు బార్లు ఉన్నారు కదా. "జైంట్ స్టెప్స్" దానికి పూర్తిగా వ్యతిరేకం. మూడు షడ్జమాలు ఉంటాయి అనుకోండి: బి, జి, ఈ ఫ్లాట్. స్థాయిని సమానంగా మూడు ముక్కలు చేస్తే వచ్చే మెట్లు అవి. ఒక షడ్జమం నుంచి అంతర గాంధారం ఎంత దూరమో ఈ మూడింటిలో ఏ రెండింటికైనా అంతే దూరం. ఒక చోట కాలు మోపిన రెండు మూడు మాత్రలకే ఇంకో షడ్జమానికి దూకాలి, అక్కడి స్వరాలతో వాక్యం చెప్పాలి, మళ్ళీ దూకాలి. అది కూడా ఆ వేగంలో. ఈ లెక్క మీద కోల్‌ట్రేన్ చాలాకాలం సాధన చేసి వచ్చాడు. టామీ ఫ్లానగన్ పియానో వంతు వచ్చేసరికి తడబాటు స్పష్టంగా తెలుస్తుంది. వాక్యాలు తెగిపోతాయి, చివరికి ఉత్త కార్డ్స్ మీదకి వెళ్ళిపోతాడు. దాన్ని తక్కువగా చూడకండి. ఆ కొత్త దారి ఎంత కష్టమో ఆ ఒక్క సోలో చెప్పినంతగా ఏ పుస్తకమూ చెప్పదు. ఫ్లానగన్ 1982లో "జైంట్ స్టెప్స్" పేరుతో సొంత ఆల్బమ్ చేశాడు. అందులో అదే పాట ఎంత హాయిగా వాయించాడో విని తీరాలి.

ఈ గొడవంతటి కింద చాంబర్స్ నిబ్బరంగా నడుస్తూనే ఉంటాడు. ముందు అతన్నే పట్టుకోండి. ఆ అడుగుల వల్లే దూకుళ్ళు కనిపిస్తాయి.

చాపుతాళం:
ఇదే ఆల్బమ్‌లో "మిస్టర్ పీ.సీ." అంటే ఎవరో అందరికీ తెలుసా? పాల్ చాంబర్స్! అతని పేరు మీద కోల్‌ట్రేన్ కట్టిన పాట. పన్నెండు బార్ల బ్లూస్, కాబట్టి కొత్తవాళ్ళు కూడా ఆవర్తనం లెక్కపెట్టుకోవచ్చు.

"టైమ్ అవుట్" మాట వచ్చింది కాబట్టి లయ చూసేవాళ్ళకి ఒక సంగతి. "టేక్ ఫైవ్"లో అయిదు మాత్రలు మూడు, రెండుగా విరుగుతాయి. మన ఖండచాపు రెండు, మూడు. చేత్తో ఖండచాపు వేస్తూ వింటే ఎక్కడో కాలికి రాయి తగులుతున్నట్టు ఉంటుంది, అది తిప్పి వేయాలి. "బ్లూ రోండో"లో తొమ్మిది మాత్రలు రెండు, రెండు, రెండు, మూడు. 1958లో విదేశీ పర్యటనలో ఉండగా ఇస్తాంబుల్ వీధుల్లో వాద్యగాళ్ళ దగ్గర బ్రూబెక్ విన్న నడక అది. "టేక్ ఫైవ్" కట్టింది బ్రూబెక్ కాదు, ఆల్టో శాక్సఫోన్ పాల్ డెస్మండ్. 1977లో తను పోయాక దాని రాబడి అమెరికన్ రెడ్‌క్రాస్‌కి వెళ్ళేలా రాసిపెట్టాడు.

ఓరుగల్లు_రాత్రి:
బ్రూబెక్ బృందంల బేస్ యూజీన్ రైట్. నల్లజాతి మనిషి ఆయన. ఆయన్ని మార్చి తెల్ల బేసిస్టుని తెస్తేనే వాయించనిస్తం అని 1960ల దక్షిణాది కాలేజీలు అంటే, బ్రూబెక్ మార్చ అన్నడు. చానా కచేరీలు పోగొట్టుకున్నడు. చిన్నక్షరాల పేర్లు చదవాలె అని అన్న చెప్పిండు కదా, ఈ పేరు గూడ చదువుకోండ్రి.

వీణ_సాధన:
చాంబర్స్ కమానుతో వాయించే సోలోల గురించి ఎవరూ అనలేదు. 1957లో అతని సొంత ఆల్బమ్ "బేస్ ఆన్ టాప్"లో అవి బాగా ఉన్నాయి. కెన్నీ బరెల్ గిటార్, హ్యాంక్ జోన్స్ పియానో. వేళ్ళతో వాయించేటప్పుడు ఉన్న నాదశుద్ధి కమాను పట్టినప్పుడు నాకు దొరకదు. శ్రుతి అక్కడక్కడా జారుతుంది, గరుకు వినిపిస్తుంది. వయొలిన్ విని పెరిగినవాళ్ళకి ఇంకా ఇబ్బందిగా ఉండచ్చు. నల్లరికార్డు గారికి కోపం రాకూడదు.

నల్లరికార్డు:
కోపమెందుకండీ! ఆ మాట చాలామంది అన్నదే. నాకు మాత్రం ఆ గరుకే ఇష్టం. అప్పట్లో జాజ్ బేసిస్టులు వేగంగా, శాక్సఫోన్ వాక్యంలా కమానుతో మనోధర్మం చేయడం అరుదు. దారి లేని చోట నడిచినవాడి అడుగు కొంచెం గరుకుగానే పడుతుంది. "బ్లూ ట్రేన్"లో మాత్రం అతని కమాను సోలోలు ఇంకోసారి వినండి, మీ అభిప్రాయం కొంచెమైనా మెత్తబడుతుందని ఆశ.

కొత్తశ్రోత:
ఒక్క ఆల్బమ్ కొనుక్కోవాలంటే ఏది కొనమంటారు? ఇంట్లో ప్లేయర్ ఉంది, మా తాతగారిది. ఎల్‌పీలే కొందామని ఉంది.

హడ్సన్_తెలుగు:
పాత తొలి ముద్రణల జోలికి పోకండి, ధరలు మన అందుబాటులో లేవు. బ్లూ నోట్ వాళ్ళు "క్లాసిక్ వినైల్" పేరుతో కొత్తగా వేస్తున్న ప్రతులు చాలా బాగుంటాయి. "సోల్ స్టేషన్" మీకు నచ్చింది కాబట్టి అదే కొనండి.

నల్లరికార్డు:
నేనూ అదే అంటాను. రెండోది కొనే వీలుంటే వెస్ మాంట్‌గోమరీ "స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్", 1965. మైల్స్‌ని వదిలి బయటికి వచ్చిన వింటన్ కెల్లీ, చాంబర్స్, కాబ్ ముగ్గురూ ఒక జట్టుగా ఉన్న రోజులవి. వెస్ గిటార్‌ని ప్లెక్ట్రమ్‌తో కాదు, ఉత్త బొటనవేలితో వాయిస్తాడు. ఎల్‌పీలో మొదటి వైపు రెండు పాటలే హాఫ్ నోట్ క్లబ్‌లో జనం ముందు వాయించినవి. రెండో వైపంతా తర్వాత వాన్ గెల్డర్ స్టూడియోలో చేసినది. కాబట్టి మొదటి వైపు "నో బ్లూస్"తో మొదలుపెట్టండి. ఒక చోట కెల్లీ, చాంబర్స్ పూర్తిగా ఆగిపోయి వెస్‌ని, కాబ్‌ని మాత్రమే వదిలేస్తారు. పదేళ్ళపాటు ఆగకుండా నడిచిన మనిషి ఆగితే పాట ఎలా ఉంటుందో అక్కడ వినండి, విన్నాక ఇక్కడికి వచ్చి రాయండి.